‘కలిపి పుచ్చుకోవాలి’ – ఎలా కలిపి?

తెలుగువారి ఇంట ఉదయం మొదలు రాత్రి వరకు వినబడే మాటలలో ‘కలుపు’ ఒకటి. పాలలో డికాక్షను కలుపుతాము. అన్నంలో పప్పు కలుపుతాము. చపాతీలకు పిండి కలుపుతాము. రైలులో పక్కవారితో మాటలు కలుపుతాము, లెక్కలలో అంకెలు కలుపుతాము, పంతాలు విడిచి చేతులు కలుపుతాము. ఇదే మాట నామవాచకమై పొలంలో అడుగుపెట్టేసరికి పీకి పారవేయవలసిన ‘కలుపు’ అవుతుంది.

ఇన్ని అర్థాలున్నప్పటికీ నిత్య వ్యవహారంలో చిక్కు రాదు. పప్పన్నం కలిపినట్లు ఎవరూ చపాతీ పిండి కలపరు. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. ఔషధాల విషయంలో మాత్రం ఈ సౌకర్యం లేదు. ‘శొంఠి, తేనె కలిపి పుచ్చుకోవాలి’ అని పెద్దలు చెప్పినది విని, ఎంతకు ఎంత, వేడిలోనా చల్లార్చాకా, నూరా లేక నానబెట్టా అని అడగకుండానే మందు చేసుకునేవారు ఎందరో. చిట్కా పనిచేయకపోవడానికి, కొన్నిసార్లు వికటించడానికి, ఈ ఒక్క మాటను సరిగా గ్రహించకపోవడం కూడా కారణమవుతుంది.

సంయోగం అంటే ఏమిటి?

చరక సంహిత విమానస్థానం ప్రథమాధ్యాయంలో ఆహార విధికి సంబంధించి ఎనిమిది విషయాలు పరిశీలించాలని చెప్పబడింది. అవి ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగ నియమం, ఉపయోగించే వ్యక్తి. వీటిలో మూడవదైన సంయోగమే మనం చెప్పుకుంటున్న కలయిక. రెండు గాని అంతకు మించి గాని ద్రవ్యాలు ఒకటైనప్పుడు, వాటిలో ఏ ఒక్కదానికీ విడిగా లేని విశేష గుణం పుడుతుందని చరకుని వివరణ. అనగా ఔషధంలో కలపడం కేవలం కూడిక కాదు.

ఈ సూత్రానికి మన కాలంలోనే చక్కని నిదర్శనం ఉన్నది. అతిసారంలో పేగు ఉప్పునీటిని సరిగా పీల్చుకోలేదు. దానికి తగు పాళ్ళలో గ్లూకోజు తోడైతే, పేగు గోడ ఆ రెంటినీ జతగా లోనికి తీసుకుంటుంది. వాటి వెంట నీరు కూడా ఒంటికి పడుతుంది. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ద్రావణాన్ని నోటి ద్వారా ఇప్పించి ఎందరి ప్రాణాలనో కాపాడారు.

పాళ్ళు తప్పితే ప్రమాదం

సంయోగం తరువాత చరకుడు చెప్పిన ‘రాశి’ అంటే పరిమాణం. పై ద్రావణాన్నే ఇంట తయారు చేసుకోవాలంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో మట్టంగా 6 టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు వేసి పూర్తిగా కరిగించాలి. ‘కొంచెం ఉప్పు ఎక్కువైతే ఏమవుతుందిలే’ అనుకోరాదు. ఉప్పు మోతాదు మించితే పసిపిల్లలకు ప్రాణాపాయం కలుగవచ్చు. ఔషధాల దుకాణంలో లభించే ఓఆర్ఎస్ పొట్లం దొరికినప్పుడు దానినే వాడటం శ్రేయస్కరం.

మన యోగాలలోనూ ఇంతే. త్రికటు చూర్ణంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమభాగాలు. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలో పటికబెల్లం 16 పాళ్ళు, వంశలోచనం 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. ఇక్కడ ‘అన్నీ కలిపి దంచాలి’ అన్న మాట పట్టుకొని అన్నింటినీ సమంగా వేస్తే అది మరొక మందు అవుతుంది. అందులో పిప్పళ్ళ ఘాటు పసివారు భరించలేనిది.

తేనె, నెయ్యి సమపాళ్ళలో కలపరాదన్న నియమం చాలామందికి తెలిసినదే. అయితే శాస్త్రం చెప్పిన సమత్వం తూకంలో. తేనె బరువైనది. చెంచాడు తేనె, చెంచాడు నెయ్యి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు తూగుతుంది. కనుక చెంచాలతో కొలిచేవారు రెంటికీ స్పష్టమైన తేడా ఉండేట్లు, ఒకటికి రెండు చొప్పున, తీసుకోవడం మంచి అలవాటు.

ఒక మాటకు ఎన్నో క్రియలు

మన అమ్మమ్మల నోట ‘కలపడం’ అనే ఒక్క మాటే ఉండేది కాదు. పనిని బట్టి పేరు మారేది.

రంగరించడం: చూర్ణాన్ని తేనె, పాలు వంటి ద్రవంతో కొద్దికొద్దిగా రుద్దుతూ ఉండలు లేకుండా ఏకం చేయడం. చూర్ణం గొంతుకు అడ్డుపడకుండా ఉండాలంటే ఇది తప్పనిసరి.

నూరడం: పచ్చి మూలికను గాని, తడిపిన ఎండు మూలికను గాని ముద్ద చేయడం. శాస్త్రంలో దీనికి కల్కమని పేరు.

భావన: చూర్ణాన్ని మూలికా రసంతో తడిపి, నూరి, ఆరబెట్టి, మళ్ళీ తడపడం. ఉసిరిక చూర్ణాన్ని ఉసిరిక రసంతోనే పలుమార్లు భావన చేసే విధానం ఉన్నది. ఒకే ద్రవ్యాన్ని దానితోనే కలిపి బలం పెంచడమన్నమాట.

ప్రక్షేపం: కషాయం కాచి వడగట్టిన తరువాత పైన తేనె, పిప్పలి చూర్ణం వంటివి చేర్చడం. శార్ఙ్గధరుడు చెప్పిన కషాయ విధిలో ఒక పాలు మూలికకు 16 పాళ్ళ నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగిలే వరకు కాచాలి. తేనె వేడిని సహించదని ఆయుర్వేద మతం. కనుక కషాయం గోరువెచ్చనయ్యాకే తేనె వేయాలి. లేహ్యాలలోనూ పాకం చల్లారిన పిమ్మటే తేనె చేరుస్తారు.

అనుపానం: ఇది మందులో కలిపేది కాదు, మందుతో పాటుగా గాని వెనువెంటనే గాని తీసుకునేది. వైద్యుడు ‘వేడినీటితో’ అన్నప్పుడు చూర్ణాన్ని నీటిలో వేసి కాచమని అర్థం కాదు.

కలపకూడనివి

పసిబిడ్డలకు మందు తేనెలో రంగరించి నాకించే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది. ఏడాది నిండని శిశువుకు తేనె ఇవ్వరాదని నేటి వైద్యుల దృఢమైన సలహా. కొన్ని తేనెలలో ఉండే బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు శిశువు పేగులో పెరిగి, నరాలను కుంగదీసే విషాన్ని పుట్టించగలవు. ఈ విషయంలో ఆచారాన్ని పక్కన పెట్టడమే మంచిది.

పసుపుతో మిరియాలు చేర్చే అలవాటు మంచిదే. 1998లో బెంగుళూరు సెంట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు, మిరియాలలోని పైపరీన్ తోడైతే పసుపులోని కుర్‌క్యుమిన్ రక్తంలోకి ఎన్నో రెట్లు అధికంగా చేరుతుందని చూపారు. కాని ఇదే పైపరీన్ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ వంటి మందుల స్థాయిని కూడా పెంచగలదు. చారులోని మిరియాలకు భయపడనక్కరలేదు. ఇటువంటి మాత్రలు వాడేవారు మిరియాలు, పిప్పళ్ళు గల చూర్ణాలను రోజూ సేవించాలనుకుంటే, ముందుగా తమ డాక్టరుకు చెప్పడం అవసరం.

కలుపు, కల్తీ

ఇక పొలంలోని కలుపు. గుంటగలగర, నేల ఉసిరి, తుంగ, ఉత్తరేణి – రైతు పీకి గట్టున పడవేసే ఇవన్నీ వైద్యునికి ఓషధులే. కాని కలుపు మందు చల్లిన చేలలో వీటిని సేకరించరాదు. ఆకును గుర్తించడంలో అనుమానముంటే తెలిసినవారికి చూపాలి.

కలుపు ప్రమాదకరమైన కల్తీగా మారిన సందర్భమూ ఉన్నది. పసుపుపచ్చని పూలు పూచే ముళ్ళ మొక్క బ్రహ్మదండి. దీని గింజలు చూపులకు ఆవాలను పోలి ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడినవారికి కాళ్ళవాపులు, ఆయాసం, గుండె బలహీనత సంక్రమించి 60 మందికి పైగా మరణించారు. విడిగా అమ్మే నూనెలు, పొడులు, దినుసులు కొనేవారు దీనిని మరువరాదు. చూర్ణాలకు వలసిన దినుసులను గోటుగా కొని, ఏరి, ఇంటనే దంచుకోవడం ఇందుకే మేలు.

మందు కలిపే ముందు

ఎవరైనా చిట్కా చెప్పినప్పుడు గృహిణులు ఈ ఐదు ప్రశ్నలు తప్పక అడిగి వ్రాసుకోవాలి. ఏ పదార్థం, దాని మరొక పేరేమిటి? ఎంతకు ఎంత, తూకమా చెంచానా? నూరాలా, కాచాలా, రంగరించాలా? వేడిగా ఉండగానా, చల్లారాకా? పుచ్చుకునేవారి వయస్సెంత, వారు ఇతర మందులేవైనా వాడుతున్నారా? గర్భిణులకు, చంటిపిల్లలకు, దీర్ఘవ్యాధులున్న వారికి వైద్య సలహా లేనిదే ఏదీ ఇవ్వరాదు. పై ప్రశ్నలకు సమాధానం తెలియని చిట్కాను, తెలిసే వరకు పక్కన ఉంచడం ఉత్తమం.