పసిబిడ్డల తల్లిదండ్రులు – జమాఅత్ బాధ్యత

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయనే మనల్ని తల్లి గర్భంలో తీర్చిదిద్దాడు. ఏమీ తెలియని స్థితిలో ఈ లోకానికి తెచ్చి, వినికిడిని, చూపును, ఆలోచించే హృదయాన్ని ప్రసాదించాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!



సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అన్న మాట మీరు ఈ మింబర్ పైనుండి ఎన్నోసార్లు విన్నారు. మనలో ప్రతి ఒక్కరూ ఒక కాపరి వంటివారనీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నింపబడతారనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హెచ్చరికను మనం సాధారణంగా తల్లిదండ్రులకే వినిపిస్తాం. అయితే అదే హదీసులో భర్త, భార్యల ప్రస్తావన కంటే ముందు ప్రజల నాయకుని ప్రస్తావన ఉంది. అంటే తల్లిదండ్రులను ప్రశ్నించే రోజున, వారికి తోడుగా నిలవవలసిన పెద్దలను కూడా ప్రశ్నించడం జరుగుతుంది. పసిబిడ్డల తల్లిదండ్రుల పట్ల మన మహల్లా బాధ్యత ఏమిటన్నది నేటి ప్రసంగ విషయం.

హజ్రత్ ఉమర్ (రజి) విన్న ఏడుపు

అది హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలం. ఒక వర్తక బిడారు మదీనాకు వచ్చి ఈద్‌గాహ్ మైదానంలో బస చేసింది. ఆ రాత్రి వారికి కాపలాగా ఉండేందుకు ఖలీఫా స్వయంగా హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఇద్దరూ నమాజు చేసుకుంటూ మేల్కొని ఉండగా ఒక పసివాని ఏడుపు వినిపించింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ తల్లి దగ్గరకు వెళ్లి, అల్లాహ్‌కు భయపడి బిడ్డను చక్కగా చూసుకోమని హితవు చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ వెళ్లి అదే మాట చెప్పారు. రాత్రి చివరి జామున ఆ ఏడుపు మరోసారి వినిపించేసరికి ఆయన ఆ తల్లిని గట్టిగా మందలించారు.

తనతో మాట్లాడుతున్నది ఖలీఫా అని ఆ తల్లికి తెలియదు. ఆమె విసిగిపోయి అసలు సంగతి చెప్పింది. తాను బిడ్డ చేత పాలు మాన్పించాలని ప్రయత్నిస్తోంది, బిడ్డ మానడం లేదు. అంత తొందర ఎందుకని ఆయన అడిగారు. పాలు మానిన పిల్లలకు మాత్రమే ఉమర్ భత్యం ఇస్తున్నారు గనుక, అని ఆమె బదులిచ్చింది. ఆ బిడ్డ వయసు ఇంకా కొన్ని నెలలే.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజు చేయిస్తున్నప్పుడు, దుఃఖం వల్ల ఆయన ఖిరాఅత్ వెనుక ఉన్నవారికి స్పష్టంగా వినిపించలేదు. తన నిబంధన కారణంగా ఎందరు ముస్లిముల బిడ్డలు ఎంత కష్టపడ్డారోనని ఆయన కుమిలిపోయారు. పాలు మాన్పించడానికి తొందరపడవద్దనీ, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందనీ చాటింపు వేయించారు. అన్ని ప్రాంతాలకూ ఆ ఆజ్ఞను వ్రాసి పంపారు. నవజాత శిశువుకు నూరు దిర్హములు కేటాయించారనీ, బిడ్డ ఎదిగేకొద్దీ ఆ మొత్తాన్ని పెంచేవారనీ చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి.

సోదరులారా! ఇందులోని పాఠాన్ని గమనించండి. ఉపదేశించినవారు సాక్షాత్తు హజ్రత్ ఉమర్ (రజి). చెప్పిన మాట సత్యమే. అయినా ఆ మాటతో బిడ్డ ఏడుపు ఆగలేదు. ఎందుకు అని అడిగిన తరువాతనే అసలు కారణం బయటపడింది. లోపం తల్లిలో లేదు, వ్యవస్థలో ఉంది. ఆ సంగతి తెలిసిన క్షణమే ఆయన తల్లిని నిందించడం మాని తన నిబంధనను మార్చుకున్నారు. మరి మనం? పిల్లల పెంపకం గురించి తల్లులకు ఎన్ని ఉపదేశాలు చేశాం? వారి కష్టమేమిటని ఎన్నిసార్లు అడిగాం?

ఎన్నో చేతులు పెంచిన అనాథ

దైవప్రవక్త (స) పుట్టకముందే తండ్రి మరణించారు. అల్లాహ్ తలచుకుంటే ఆ బిడ్డను తల్లి ఆమినా ఒడిలోనే పెంచి ఉండేవాడు. కాని జరిగింది వేరు. మొదట సువైబా పాలిచ్చారు. తరువాత హలీమా సాదియా ఎడారిలోని తన ఇంటికి తీసుకువెళ్లి పెంచారు. తల్లి మరణానంతరం ఉమ్మె ఐమన్ కంటికి రెప్పలా చూసుకున్నారు. తాత అబ్దుల్ ముత్తలిబ్, ఆ పిమ్మట తండ్రి సోదరుడు అబూ తాలిబ్ సంరక్షణ బాధ్యత వహించారు. సర్వమానవాళికి మార్గదర్శకునిగా రావలసిన బిడ్డ పెంపకంలో ఇందరికి భాగం ఉంది. బిడ్డ భారమంతా ఒక్క తల్లే మోయాలన్నది మన సంప్రదాయం కాదు.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 233వ ఆయత్ కూడా ఇదే దిశలో నడిపిస్తుంది. పాలు పట్టే కాలానికి అది రెండేళ్ల పూర్తి గడువును నిర్దేశించింది. ఆ కాలంలో తల్లి తిండి, బట్ట బాధ్యతను తండ్రిపై ఉంచింది. బిడ్డ మూలంగా తల్లి గాని, తండ్రి గాని నష్టపోరాదని చెప్పింది. పాలు మాన్పించే నిర్ణయం సైతం ఇద్దరి సమ్మతితో, పరస్పర సంప్రదింపుతో జరగాలని బోధించింది. అవసరమైతే ఇతరుల చేత పాలిప్పించుకోవడానికి అనుమతించింది. ఒక పసిబిడ్డ పోషణ గురించి ఇంత వివరంగా మాట్లాడిన గ్రంథాన్ని నమ్మేవారికి ఈ విషయం ఆడవారి సంగతిగా తోచరాదు.

చిల్లా ముగిసిన తరువాత

మన ఇళ్లలో ప్రసవమైన స్త్రీని నలభై రోజులు చిల్లాలో ఉంచే ఆచారం ఉంది. పుట్టింట్లో తల్లి, పిన్ని, వదిన చుట్టూ ఉంటారు. వండిపెట్టేవారు ఒకరు, బిడ్డను ఎత్తుకునేవారు ఒకరు. నలభై రోజులు గడిచాక ఆమె భర్త ఇంటికి వస్తుంది. నేటి పట్టణాల్లో ఆ ఇల్లు తరచుగా ఒక అద్దె గది. భర్త ఉదయం పనికి వెళ్లి రాత్రికి చేరుకుంటాడు. తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లోని ఎన్నో కుటుంబాల్లో భర్త గల్ఫ్‌లో ఉంటాడు, బిడ్డ ముఖాన్ని ఫోన్ తెరపైనే చూసుకుంటాడు. బిడ్డ రాత్రంతా ఏడిస్తే ఆ తల్లి ఎవరిని అడగాలి? పాలు చాలడం లేదేమోనన్న భయం కలిగితే ఎవరు ధైర్యం చెప్పాలి?

ప్రసవం తరువాత కొందరు తల్లులు తీవ్రమైన దిగులుకు లోనవుతారు. కారణం లేకుండా కన్నీళ్లు వస్తాయి, నిద్ర పట్టదు, బిడ్డపైన కూడా మనసు నిలవదు. దీన్ని ఈమాన్ బలహీనతగా భావించడం తప్పు. ఇది చికిత్స ఉన్న అనారోగ్యం. ఈ స్థితి రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యులకు చూపించాలి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది. తనకు గాని, బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిన తల్లిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మన గుమ్మం దగ్గరి సహాయం

అంగన్‌వాడీ వ్యవస్థకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మన దేశంలో ప్రారంభమైంది. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఆరు సేవలు అందించడం దీని ఉద్దేశం. అవి అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ-ఆరోగ్య విషయాలపై తల్లులకు అవగాహన. తెలంగాణలో 2015 నుండి ఆరోగ్యలక్ష్మి పథకం క్రింద గర్భిణులకు, బాలింతలకు పాలు, గుడ్డుతో కూడిన ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. అంగన్‌వాడీ మనది కాదన్న సంకోచంతో ఈ హక్కులను వదులుకోవడం వివేకం అనిపించుకోదు.

ఆసుపత్రిలో ప్రసవమైతే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలన్నది ప్రభుత్వ నియమం. తరువాత బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు మళ్లీ రావాలి. ఆమె వచ్చినప్పుడు తలుపు తెరిచి, కూర్చోబెట్టి, సందేహాలు అడగండి. రాకపోతే కబురు పంపండి.

టీకాల విషయంలో ఒక అనుభవాన్ని గుర్తు చేసుకోవాలి. పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న వదంతి ఒకప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని పశ్చిమ జిల్లాల్లో వ్యాపించింది. ఎన్నో ముస్లిం ఇళ్ల తలుపులు మూతబడ్డాయి. అప్పుడు ఇమాములు, ఆలిములు ముందుకు వచ్చారు. మస్జిద్ మైకుల్లో ప్రకటనలు చేశారు, ఇంటింటికీ తిరిగే వారికి అండగా నిలిచారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. మింబర్ పలికే ఒక్క మాట ఒక బిడ్డ కాళ్లను కాపాడగలదని దీనివల్ల తెలుస్తోంది.

తల్లిదండ్రులు నేర్చుకోవలసినవి

పెంపకం పుట్టుకతో వచ్చే విద్య కాదు. దాన్ని నేర్చుకోవాలి, నేర్పాలి. కొన్ని విషయాలు చూడండి. పుట్టిన గంటలోపే బిడ్డకు తల్లి ముర్రుపాలు పట్టాలి. వాటిని పారబోయడం బిడ్డకు అందవలసిన రక్షణను పారబోయడమే. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలు, నీళ్లు కూడా అవసరం లేదు. ఆ తరువాత మెత్తని ఆహారం మొదలుపెట్టి తల్లిపాలు కొనసాగించాలి. తహ్నీక్ సున్నతే. ఖర్జూరాన్ని మెత్తగా చేసి లేశమాత్రం అంగిలికి తాకించాలి, ముందుగా వైద్యులను అడగడం మంచిది. ఆ పేరుతో తేనె నాకించడం మాత్రం మానాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదకరమైన జబ్బు కలిగించవచ్చని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

రెండేళ్లలోపు పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదు. బిడ్డ భాష నేర్చుకునేది తెర నుండి కాదు, తల్లిదండ్రుల మాటల నుండి. పది మంది పిల్లలున్నా వారిలో ఒక్కరినీ ఎన్నడూ ముద్దాడలేదని చెప్పిన అఖ్రా బిన్ హాబిస్‌తో, దయ చూపనివారిపై దయ చూపబడదని ప్రవక్త (స) అన్నారు. పిల్లలకు ప్రేమ చూపడం తండ్రికి తగదనుకునేవారికి ఇందులో జవాబు ఉంది. పాలిచ్చే తల్లి తనకు గాని, బిడ్డకు గాని హాని కలుగుతుందని భయపడితే రమజాన్ ఉపవాసం వాయిదా వేసుకునే సౌలభ్యం ధర్మంలో ఉందని కూడా మన ఇళ్లలో తెలియాలి. వాటిని పూర్తి చేసే విధానాన్ని ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

మన మస్జిద్ ఏం చేయగలదు?

మొదటిది, మహల్లాలో ఆరేళ్లలోపు పిల్లలున్న ఇళ్లను గుర్తించాలి. ఆ పనిని నమ్మకస్తులైన సోదరీమణులకు అప్పగించాలి. ఏ ఇంటి కష్టమూ వీధిలో చర్చకు రాకూడదు.

రెండవది, నెలకొకసారి తల్లులకు పర్దా ఏర్పాటుతో ఒక సమావేశం జరపాలి. ఒక వైద్యురాలిని గాని, నర్సును గాని, ఒక ఆలిమాను గాని పిలవాలి. అత్తలను, అమ్మమ్మలను, నానమ్మలను కూడా ఆహ్వానించాలి. ఇంట్లో వారి మాటే చెల్లుతుంది గనుక వారి అనుభవాన్ని గౌరవిస్తూనే కొత్త విషయాలు చెప్పాలి.

మూడవది, ఇషా తరువాత తండ్రులకు ఒక తరగతి పెట్టాలి. టీకాల కార్డు చదవడం, జ్వరం వచ్చినప్పుడు ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో గుర్తించడం, రాత్రివేళ బిడ్డను ఎత్తుకుని భార్యకు విశ్రాంతినివ్వడం వారు నేర్చుకోవాలి. ఇంటి పనుల్లో చేయి కలపడం ప్రవక్త (స) సున్నత్.

నాలుగవది, చిల్లా ముగిసి వచ్చిన తల్లి ఇంటికి అనుభవం గల ఇద్దరు స్త్రీలు వారానికొకసారి వెళ్లాలి. వెళ్లిన వెంటనే ఉపదేశం మొదలుపెట్టరాదు. ముందుగా బిడ్డను గంటసేపు ఎత్తుకోవాలి. తల్లి నిద్రపోనీ, స్నానం చేయనీ, ప్రశాంతంగా నమాజు చేసుకోనీ.

ఐదవది, ధన సహాయం. జకాత్‌ను అర్హులైన పేద కుటుంబాలకే అందజేయాలి. సమావేశాల ఖర్చులకు సదఖా నుండి వేరుగా నిధి ఏర్పరచుకోవాలి.

చివరిగా, పసిపిల్లలతో మస్జిద్‌కు వచ్చినవారిని కసురుకోవద్దు. దైవప్రవక్త (స) నమాజును సుదీర్ఘంగా చేయించాలని సంకల్పించి నిలబడినా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లికి కష్టం కలుగుతుందని నమాజును కుదించేవారు. ఆ ఏడుపు విని ఆయన మార్చుకున్నది తన నమాజును. దానికోసం హజ్రత్ ఉమర్ (రజి) మార్చినది రాజ్య నిబంధనను. మనం కనీసం మన అలవాటును మార్చుకుందాం. ఈ వారమే మన వీధిలో పసిబిడ్డ ఉన్న ఒక ఇంటి తలుపు తట్టి, వారికి ఏం కావాలో అడుగుదాం.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కళ్లకు చల్లదనంగా చేయి. పసిబిడ్డలను పెంచుతున్న తల్లులకు ఆరోగ్యాన్ని, ఓర్పును, తోడును ప్రసాదించు. పరదేశాల్లో ఉన్న తండ్రులను క్షేమంగా ఇళ్లకు చేర్చు. పొరుగువారి కష్టం వినే చెవులను, ఆదుకునే చేతులను మాకు అనుగ్రహించు. ఆమీన్.