జీతం వస్తుంది, పని మాత్రం ఉండదు

ఇంగ్లండ్‌లోని విలియం హిల్ అనే పందేల సంస్థలో, స్ప్రెడ్ బెట్టింగ్ విభాగంలో టక్కర్ అనే వ్యక్తి సీనియర్ డీలర్‌గా ఉండేవాడు. ప్రత్యర్థి సంస్థ సిటీ ఇండెక్స్‌లో చేరదామని ఆయన రాజీనామా ఇచ్చాడు. ఒప్పందం ప్రకారం నోటీసు గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ జీతం ఇస్తాం, ఆఫీసుకు మాత్రం రావద్దు, వేరే చోట చేరనూ వద్దు అంది కంపెనీ. దీనికే గార్డెన్ లీవ్ అని పేరు.

కంపెనీ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. వెళ్లిపోయే మనిషికి రేట్లు తెలుసు, ఖాతాదారులు తెలుసు, రేపటి ప్రణాళికలూ తెలుసు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెడితే ఆ సమాచారం పాతబడుతుంది. ఫార్ములా వన్ రేసుల్లో ఇది మామూలే. రెడ్‌బుల్ ఇంజినీరు రాబ్ మార్షల్ తమ దగ్గరికి వస్తున్నట్టు మెక్‌లారెన్ 2023 మేలో ప్రకటించింది. ఆయన అక్కడ పనిలో చేరింది 2024 జనవరిలో.

టక్కర్ మాత్రం ఊరుకోలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది.

అప్పటిదాకా ఇంగ్లండ్‌లో ఈ విషయంపై చాలామందికి గుర్తొచ్చేది 1940 నాటి కొలియర్ కేసు. వంటమనిషికి నెలనెలా జీతం ఇస్తున్నప్పుడు, యజమాని రోజూ హోటల్లో తిన్నా ఆమె అడగడానికి లేదని అందులో జడ్జి ఆస్‌క్విత్ చెప్పాడు. అంటే యజమాని బాధ్యత జీతంతో సరి. దీనికీ మినహాయింపులున్నాయి. నటుడికి జీతం ఒక్కటే చాలదు, జనం కంట పడాలి. కమీషన్ మీద బతికేవాడికి పని లేకపోతే రాబడే లేదు. ఆ కేసులో కొలియర్ సండే రెఫరీ పత్రికలో చీఫ్ సబ్ ఎడిటర్. పత్రికను అమ్మేయడంతో ఆయన కుర్చీయే లేకుండా పోయింది. ఒప్పుకున్న పదవినే లేకుండా చేసినందుకు, చివరికి కేసు గెలిచింది ఆయనే.

టక్కర్ విషయంలో 1998లో అప్పీలు కోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆయనది ప్రత్యేకమైన ఉద్యోగం, చేస్తూ ఉంటేనే నిలిచే నైపుణ్యం. పైగా, ఇంట్లో కూర్చోబెట్టే హక్కు కంపెనీకి ఉందని ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. అలాంటప్పుడు పని ఇవ్వకుండా ఆపడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు తర్వాత గార్డెన్ లీవ్ కావాలనుకునే బ్రిటన్ కంపెనీలకు ఆ షరతును ఒప్పందంలోనే స్పష్టంగా రాసుకోవడం తప్పనిసరి జాగ్రత్త అయింది.

మన దేశంలో కథ ఇంకోలా నడుస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషి వృత్తికి అడ్డుపడే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. కాకపోతే ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆంక్షలు పెట్టవచ్చని 1967లో గోలికరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హద్దు గీత అక్కడే ఉంది. నోటీసు కాలంలో మీరింకా ఆ కంపెనీ ఉద్యోగే, కాబట్టి పోటీ సంస్థలో చేరవద్దనే షరతుకు బలం ఉంటుంది. రిలీవ్ అయ్యాక ఆ బలం పోతుంది. ఉద్యోగం ముగిశాక మూడు నెలలు జీతమిచ్చి కూర్చోబెడతామన్న షరతును, విఎఫ్‌ఎస్ గ్లోబల్ కేసులో బొంబాయి హైకోర్టు చెల్లనీయలేదు. డబ్బులిస్తున్నాం కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో తొంభై రోజుల నోటీసు కొత్తేమీ కాదు. రాజీనామా మెయిల్ పంపిన రోజే లాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించమన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కంపెనీ మిమ్మల్ని నోటీసు కాలంలో ఇంట్లో ఉంచితే జీతం, పీఎఫ్ ఆగకూడదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న బాధ్యత మీకూ పోదు.

అందుకే ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసి సంతకం పెట్టేయకండి. నోటీసు ఎన్ని రోజులు, ఆ రోజుల్లో మిమ్మల్ని పక్కన పెట్టే హక్కు కంపెనీకి రాశారా, రిలీవ్ అయ్యాక కూడా ఏవైనా ఆంక్షలున్నాయా అన్న మూడు సంగతులూ చేరకముందే చదివి, అర్థంకానివి హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి.