జంగిల్: ఆ దరువు ఎవరిది?

సంగీత చరిత్ర రాసేవాళ్లకి ఒక అలవాటుంది. పాట కట్టినవాడి పేరు రాస్తారు. పాడినవాడి పేరు రాస్తారు. రికార్డు అమ్మిన కంపెనీ పేరూ రాస్తారు. దరువు వేసినవాడి దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోతుంది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. లైబ్రరీలో సంగీతం బీరువా ముందు నిలబడినప్పుడు నేను మొదట వెతుక్కున్నది ఈ లేని పేర్లనే. 1990ల మొదట్లో లండన్‌లో పుట్టిన ‘జంగిల్’ అనే డాన్స్ సంగీతం గురించి చెప్పుకోవాల్సింది అందుకే. ఇందులో దరువే పాట.

ముందు దాని నడక చూద్దాం. ఆ కాలపు హౌస్, టెక్నో సంగీతాల్లో పెద్ద డ్రమ్ము దెబ్బ గోడగడియారంలాగా సమానదూరంలో, నాలుగు లెక్కలకీ నాలుగుసార్లు పడుతుంది. జంగిల్‌లో అట్లా కాదు. దెబ్బ పడుతుందనుకున్న చోట ఖాళీ ఉంటుంది, ఖాళీ అనుకున్న చోట దెబ్బ పడుతుంది. దీన్నే సింకోపేషన్ అంటారు. డప్పు విన్న కాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అట్లని డప్పుకీ జంగిల్‌కీ చారిత్రక సంబంధం ఉందని కాదు, వినే చెవి గురించి మాత్రమే చెప్తున్నాను. జంగిల్‌లో డ్రమ్ములు నిమిషానికి 160 నుంచి 170 లెక్కల వేగంతో పరిగెడతాయి. వాటి కింద బేస్ అందులో సగం వేగంతో, బరువుగా నడుస్తుంది. ఏ వేగం పట్టుకుని ఆడాలో ఆడేవాళ్ల ఇష్టం.

ఈ నడక ఎక్కడి నుంచి వచ్చింది? శాంప్లర్ అనే యంత్రం నుంచి వచ్చిందని ఒక జవాబు ఉంది. అది సగం నిజం. మిగతా సగం కోసం వలస చరిత్రలోకి వెళ్లాలి.

1948 జూన్‌లో ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడ కరీబియన్ దీవుల నుంచి వలసజనాన్ని బ్రిటన్‌లో దించింది. యుద్ధంలో దెబ్బతిన్న ఆ దేశానికి వాళ్ల చేతులు కావాలి. మనుషులు మాత్రం అక్కర్లేదు. గదులు అద్దెకివ్వలేదు, చాలా క్లబ్బుల్లోకి రానివ్వలేదు. బహిరంగ స్థలాల్లో జాతి వివక్షని నిషేధించే చట్టం 1965లో గాని రాలేదు. ఇళ్లకీ ఉద్యోగాలకీ దాన్ని వర్తింపజేయడానికి 1968 దాకా పట్టింది. బయట తలుపులు మూసేస్తే వాళ్లు తమ ఇళ్లల్లో, నేలమాళిగల్లో పాటల రాత్రులు పెట్టుకున్నారు. అక్కడ మోగింది జమైకా నుంచి తెచ్చుకున్న ‘సౌండ్ సిస్టమ్’. మనిషెత్తు స్పీకర్లు, రికార్డులు వేసేవాడొకడు, మైకు పట్టుకుని మాటలల్లేవాడొకడు. 1970లలో కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ లాంటి ఇంజనీర్లు పాటలోంచి గొంతుని తీసేసి, డ్రమ్ములూ బేసూ ముందుకు తెచ్చి, ప్రతిధ్వనులు కలిపి ‘డబ్’ అనే కొత్త రూపం చేశారు. పూర్తయిపోయిన రికార్డుని విప్పి మళ్లీ కట్టొచ్చు అనే ఆలోచన అక్కడిది.

అదే కింగ్‌స్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లిన కుర్రాడు డీజే కూల్ హెర్క్. 1973 నుంచి బ్రాంక్స్‌లో ఇచ్చిన పార్టీల్లో అతనొక సంగతి గమనించాడు. పాటలో మిగతా వాద్యాలు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే ముక్క కోసం జనం ఎదురుచూస్తున్నారు. ఆ ముక్కని ‘బ్రేక్’ అంటారు. ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి ఆ ముక్కనే పొడిగించాడు. హిప్‌హాప్‌కి అదే పునాది.

మూడో పాయ షికాగో, డెట్రాయిట్ నగరాల నల్లజాతి యువకులు నిర్మించిన హౌస్, టెక్నో. 1988కల్లా అది బ్రిటన్ రేవ్ పార్టీలకి చేరింది. ఈ మూడు పాయలూ లండన్ కార్మిక పేటల్లో కలిశాయి. హాక్నీలో షటప్ అండ్ డాన్స్ బృందం హిప్‌హాప్ బ్రేకుల వేగం పెంచి రేవ్ జనం ముందు పెట్టింది. ‘రేజ్’ క్లబ్ రాత్రుల్లో ఫాబియో, గ్రూవ్‌రైడర్ అనే డీజేలు ఆ వేగాన్ని ఇంకా తోశారు. 1991లో లెనీ డి ఐస్ చేసిన ‘వి ఆర్ ఐ.ఇ.’ని మొదటి జంగిల్ రికార్డుల్లో ఒకటిగా చెప్తారు. అదే సంవత్సరం మొదలైన కూల్ ఎఫ్.ఎం. లాంటి లైసెన్సు లేని రేడియోలు ఎత్తయిన ప్రభుత్వ గృహాల పైకప్పుల మీద ఏరియల్ కట్టి ఈ సంగీతాన్ని ఇళ్లల్లోకి పంపాయి.

శాంప్లర్ పని ఇక్కడే. అకాయ్ శాంప్లర్, అటారీ కంప్యూటర్ ఉంటే పడకగదే స్టూడియో. పాత రికార్డులోని బ్రేకుని దెబ్బదెబ్బగా కోసి, వరుస మార్చి, శ్రుతి మారకుండా నిడివి సాగదీసి మళ్లీ అల్లేవారు. మనిషి చెయ్యి వేయలేని వేగమది, కానీ ప్రతి దెబ్బా ఒక మనిషి వేసిందే.

పేరు దగ్గర కూడా ఒక తగాదా ఉంది. 1920ల చివర్లో న్యూయార్క్ కాటన్ క్లబ్‌లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం సంగీతాన్ని ‘జంగిల్’ శైలి అన్నారు. వాయించేవాళ్లు నల్లవాళ్లు, వినడానికి లోపలికి రానిచ్చేది తెల్లవాళ్లని. ఆ మాటలో ఎగతాళి ఎంతుందో చెప్పనక్కర్లేదు. లండన్ పిల్లల కథనం ఇంకోటి. కింగ్‌స్టన్‌లో ‘జంగిల్’ అని పిలిచే పేట ఉంది, మా పేరు అక్కడిది అన్నారు. తిట్టుగా విసిరిన మాటనే తలెత్తి చెప్పుకోవడం మనకి కొత్త కాదు గదా. 1994లో ఎం-బీట్, జనరల్ లెవీల ‘ఇంక్రెడిబుల్’ బ్రిటన్ టాప్ టెన్‌కెక్కింది. తర్వాత ఒకటి రెండేళ్లలోనే ‘జంగిల్’ పక్కకి పోయి ‘డ్రమ్ అండ్ బేస్’ అనే పేరు ముందుకొచ్చింది. 1997లో రోనీ సైజ్, రెప్రజెంట్ బృందానికి మెర్క్యురీ బహుమతి వచ్చేనాటికి పత్రికలు వాడింది ఆ పేరే. జమైకా గొంతులూ చాలావరకు వెనక్కి తగ్గాయి. ఇది ఎదుగుదలా, శుద్ధి చేయడమా? రెండూ కొంత కొంత. తమాషా ఏంటంటే ‘డ్రమ్ అండ్ బేస్’ కూడా రెగే వాళ్ల మాటే.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. జంగిల్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే బ్రేక్ ‘ఆమెన్’. 1969లో వాషింగ్టన్‌కి చెందిన ద విన్‌స్టన్స్ బృందం ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే రికార్డు తెచ్చింది. దానికి గ్రామీ వచ్చింది. వెనకవైపు ‘ఆమెన్, బ్రదర్’ అని చర్చి పాట ఆధారంగా ఒక వాద్య సంగీతం ఉంది. దాని మధ్యలో మిగతావాళ్లంతా ఆగితే గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్మర్ ఒక్కడే సుమారు 6 సెకన్లు వాయించాడు. ఆ 6 సెకన్ల మీద వేల రికార్డులు లేచాయి. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో ఇల్లు లేని మనిషిగా చనిపోయాడు. 2015లో బ్రిటన్ అభిమానులు చందాలెత్తి సుమారు 24,000 పౌండ్లు బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేళ్లు.

కోల్‌మన్ ఒక్కడి కథ కాదిది. ‘ఫంకీ డ్రమ్మర్’లో దరువు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ది, రచయితగా పేరు జేమ్స్ బ్రౌన్‌ది. రాగానికీ మాటకీ ‘రచన’ అని హక్కిచ్చిన పద్ధతి దరువుని ‘పని’గానే చూసింది. పనికి కూలి ఉంటుంది గాని వారసత్వం ఉండదు.

అయితే ఆ ముక్కల్ని వాడుకున్న లండన్ పిల్లలు దొంగలా? అట్లా తేల్చేయడం అన్యాయం. వాళ్లలో చాలామంది చిన్న పెట్టుబడితో కొద్ది ప్రతులు వేసుకున్న పేదవాళ్లే. ఒకరి దరువు మీద ఇంకొకరు కట్టడం సౌండ్ సిస్టమ్ నీతి. డబ్బు కూడిన చోట కూడా, అడిగే దారి లేనివాడికి ఎవరూ లెక్క చెప్పకపోవడమే అసలు అన్యాయం. జంగిల్ చరిత్రని యంత్రంతో మొదలుపెడితే ఈ లెక్క కనపడదు. చేతితో మొదలుపెడితే మొదటి వాక్యంలోనే గ్రెగరీ కోల్‌మన్ పేరు రాయాల్సి వస్తుంది.