వాము నీళ్ళతో పోయిన అరగంట

మా మామగారు భీమవరం నుంచి విజిట్ వీసా మీద వచ్చి అప్పటికి పది రోజులు. వయసు డెబ్భై ఒకటి. పాతికేళ్ళుగా షుగరు. శుక్రవారం పొద్దున్నే పెసరట్టు ఉప్మా తిని, అవాలి చెట్ల నీడన ఒక చుట్టు నడిచి వచ్చారు. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడ్డాక బాప్కో కంపెనీ తన ఉద్యోగుల కోసం కట్టిన ఊరు కదా మాది, నడకకు బాగుంటుంది.

సోఫాలో కూర్చుంటూ "అమ్మాయ్, గుండె మీద ఏదో బరువు పెట్టినట్టుందే" అన్నారు. ఏసీ గదిలో నుదుటి నిండా చెమట. "గ్యాసే అయ్యుంటుంది" అన్నారు అత్తయ్యగారు. నేను వాము నీళ్ళు కాచాను. మావారు వీపు రాశారు. అలా అరగంట పోయింది. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఐదో తరగతి చదివే మా పాప వచ్చి, "అమ్మా, తాతయ్యకి ఎడమ చెయ్యి కూడా లాగుతోందట. 999కి ఫోన్ చెయ్యమని మా స్కూల్లో చెప్పారు" అంది. మావారు కారు తాళాల కోసం లేచారు. నేను ఫోన్ అందుకున్నాను. అవతలివాళ్ళు ఇంటి నంబరు, రోడ్డు, బ్లాక్ అడిగితే నాకు నోట మాట రాలేదు. పాపే గడగడా చెప్పింది.

అంబులెన్స్ వాళ్ళు ఇంట్లోనే ఈసీజీ తీశారు. గ్యాస్ కాదు, గుండెపోటు! మూసుకుపోయిన రక్తనాళాన్ని ఆ పూటే తెరిచి స్టెంట్ వేశారు. రక్తం అందని ప్రతి నిమిషం గుండె కండరానికి నష్టమేనని డాక్టరుగారు చెప్పారు. షుగరున్న పెద్దవాళ్ళకు నొప్పి అంతగా తెలియకపోవచ్చట. ఆయాసం, చెమట, వాంతి, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

మరి సొంత కారులో తీసుకెళితే? దారిలో గుండె ఆగిపోతే స్టీరింగ్ పట్టుకున్నవారు ఏమీ చేయలేరు. అంబులెన్స్‌లో షాక్ ఇచ్చే యంత్రం, దాన్ని వాడటం తెలిసిన మనుషులు ఉంటారు.

పిల్లలూ, ఇవి మీకోసం:

• ఇక్కడ 999. సెలవులకు మన ఊరు వెళితే 108. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2005లో మొదలైంది.
• మీ ఇంటి నంబరు, రోడ్డు, బ్లాక్ ఫ్రిజ్ మీద అంటించండి.
• తాతయ్య, అమ్మమ్మ వేసుకునే మందుల పేర్లు పక్కనే రాయండి.
• స్పృహ తప్పి ఊపిరి ఆడకపోతే, పెద్దవాళ్ళు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టే పని మీది.

మామగారు కోలుకుని భీమవరం చేరారు. మొన్న ఫోన్‌లో "పాపం, పెసరట్టుని అనవసరంగా అనుమానించాం అమ్మాయ్" అని నవ్వారు.