మందు, గంజాయి కలిస్తే...

మదనపల్లెలో 1915లోనే కాలేజీ పెట్టారు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. పుంగనూరులోనూ కాలేజీలున్నాయి. చుట్టుపక్కల పల్లెల తల్లులు టమాటా తోటల్లో కూలికి పోతారు. పాలు అమ్ముతారు. ఆ డబ్బుతో బిడ్డల్ని చదివిస్తారు. బిడ్డ హాస్టల్లోనో, అద్దె గదిలోనో ఉంటాడు. అక్కడ ఏం జరుగుతుందో తల్లికి కనబడదు.

ఒక రాత్రి ఇలా జరిగిందనుకుందాం.

గదిలో నలుగురు పిల్లోళ్లు. మొదట మందు తాగారు. తరువాత ఒకడు గంజాయి నింపిన సిగరెట్టు తీశాడు. "ఒక్క దమ్మే కదా, ఏం కాదులే" అన్నాడు. కాసేపటికి ఒకడికి తల తిరిగింది. చెమటలు పట్టాయి. వాంతి చేసుకుని పడిపోయాడు. "పడుకోనీలే, మత్తు దిగితే వాడే లేస్తాడు. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అనుకున్నారు మిగతావాళ్లు.

ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే.

రెండూ కలిస్తే ఏమవుతుంది?

గంజాయిలో టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం ఉంది. పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే అది మెదడుకు చేరుతుంది. మందు తాగిన మీద గంజాయి పీలిస్తే, ఆ పదార్థం రక్తంలో ఇంకా ఎక్కువగా చేరుతుందని పరిశోధనల్లో తేలింది. కారం తిన్న నోట్లో వేడినీళ్లు పోసినట్టు, ఒకటి రెండోదాన్ని ఎక్కిస్తుంది.

తాగడం ఆపినా, కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే పడుకున్న మనిషికి మత్తు ఇంకా పెరగవచ్చు. స్పృహ లేనప్పుడు వాంతి గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుంది.

బండి ఎక్కితే ఇంకో ముప్పు. దూరం, వేగం అంచనాకు అందవు. చేయి, కాలు మాట వినవు.

అలవాటుగా మారితే చదివింది గుర్తుండదు. కొందరికి లేనిపోని అనుమానాలు వస్తాయి. ఎవరో పిలిచినట్టు వినబడుతుంది. సుమారు 25 ఏళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. అందుకే చిన్న వయసులో హాని ఎక్కువ.

అప్పుడు ఏం చేయాలి?

పడిపోయినవాడిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒంటరిగా వదలకూడదు. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ మత్తును దించవు. స్పృహ లేనివాడి నోట్లో ఏమీ పోయకూడదు. ఏమేం తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

చట్టం ఏమంటుంది?

1985 నాటి చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకున్నా, పీల్చినా, అమ్మినా నేరమే. కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు పడవచ్చు. అయితే అలవాటుపడినవాడు తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు ఒప్పుకుంటే, కేసు నుంచి బయటపడే వీలును అదే చట్టం ఇచ్చింది.

తల్లి ఏం చేయగలదు?

కళ్లు ఎర్రబడటం, మాటిమాటికీ డబ్బు అడగడం, చదువు తగ్గడం, ఊరికే కోపం రావడం చూస్తే మాట్లాడాలి. వీటికి వేరే కారణాలూ ఉండవచ్చు. కాబట్టి ముందే నింద వేయకూడదు. కొడితే, నలుగురిలో తిడితే బిడ్డ దాచడం నేర్చుకుంటాడు. "ఏం జరిగినా ముందు నాకు చెప్పు నాయనా" అని చెప్పి ఉంచాలి. ఆ ఒక్క మాట ఆ రాత్రి ప్రాణం కాపాడవచ్చు.

మత్తు మాన్పించే సలహాకు 14446కు ఫోన్ చేయవచ్చు. గంజాయి అమ్మేవారి గురించి 1972కు చెప్పవచ్చు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారాయి వద్దన్నారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయిని నిషేధించారు. అప్పుడు సారాయి అంగడి ఊరి నడుమ కనబడేది. గంజాయి పొట్లం కనబడదు. దాన్ని ఆపాలంటే ఇంట్లో మాట దాగకూడదు.

మాట్లాడుకోండి

1. "మత్తు దిగితే లేస్తాడులే" అనడం ఎందుకు తప్పు?
2. మీ బిడ్డ భయం లేకుండా మీతో చెప్పుకోగలడా?
3. 108, 14446, 1972 – ఈ అంకెలు ఇంటి గోడ మీద రాయండి.