సింహాన్ని నిలువరించే కుక్క: వీపు మీది చార ఏం చెబుతుంది?

సింహం వేటలో కుక్క పని దాన్ని చంపడం కాదు. వాసన పట్టి జాడ తీయాలి. చుట్టూ తిరుగుతూ, మొరుగుతూ, వేటగాడు వచ్చేవరకు సింహాన్ని ఒకచోట నిలిపి ఉంచాలి. పంజా దెబ్బకు దొరక్కూడదు. గుడ్డిగా మీదికి దూకే కుక్క ఎక్కువ కాలం బతకదు. తెగువతో పాటు ఎక్కడ ఆగాలో తెలియడమూ ఈ పనికి అవసరం.

రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ ఆ పనికి పేరుపడ్డ జాతి. దక్షిణాఫ్రికాలోని ఖోయ్‌ఖోయ్ ప్రజల కుక్కలు, యూరప్ వలసదారులు తెచ్చిన కుక్కలు కలిసి ఇది ఏర్పడింది. 1922లో నేటి జింబాబ్వేలోని బులవాయోలో పెంపకందారులు దీని లక్షణాలను నిర్ణయించారు. మగకుక్క ఎత్తు 63-69 సెంటీమీటర్లు, బరువు సుమారు 36 కిలోలు. ఇంటివారితో ఆప్యాయంగా, కొత్తవారితో ముభావంగా ఉంటుంది. అయితే అకారణంగా దూకుడు చూపకూడదు, బెదరకూడదు. సొంతంగా నిర్ణయం తీసుకునే స్వభావం ఉండటంతో శిక్షణకు ఓర్పు కావాలి.

ఈ జాతికి గుర్తు వీపు మీది చార. అక్కడి వెంట్రుకలు మిగతా వాటికి ఎదురు దిశలో పెరుగుతాయి, పైభాగంలో రెండు సుడులు ఉంటాయి. దీని కారణాన్ని 2007లో శాస్త్రవేత్తలు గుర్తించారు. డీఎన్‌ఏలో సుమారు 1,33,000 అక్షరాల భాగం ఒకటి రెట్టింపైంది. కణాల పెరుగుదలను నడిపే మూడు జన్యువులు అందులో ఉన్నాయి.

తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఈ మార్పు వచ్చినా చార ఏర్పడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే డెర్మాయిడ్ సైనస్ అనే పుట్టుకలోపం ముప్పు పెరుగుతుంది. ఇందులో చర్మం నుంచి వెన్ను వైపు సన్నని గొట్టం లాంటి మార్గం ఏర్పడుతుంది. అది వెన్నుపాము దాకా వెళితే ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కావచ్చు.

ఒక్కొక్క ప్రతి ఉన్న రెండు కుక్కలను కలిపితే, సగటున నలుగురు పిల్లల్లో ఒకదానికి చార ఉండదు. అలాంటి పిల్లలను లోపమున్నవిగా ఎంచి చంపిన పెంపకందారులు గతంలో ఉన్నారు. నిజానికి ఈ లోపం ముప్పు వాటికే తక్కువ.

చారకు ధైర్యంతో సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. 18,000కు పైగా కుక్కల వివరాలతో 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతి వివరించగలిగేది 9 శాతమే. సుడి చూసి ఎద్దు గుణం చెప్పలేనట్టే, చార చూసి కుక్క స్వభావాన్ని చెప్పలేం. పిల్లను ఎంచుకునేవారు దాని తల్లిదండ్రుల ఆరోగ్యాన్ని, నడవడిని చూడటం మేలు.