కాగితము లేని రోగి

నెల్లూరు తీరమున రొయ్యల గుంటలకు కావలి కాయు యానాదికి జబ్బుచేసినచో ఉచిత చికిత్స లేకపోలేదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, పేరులు మారినను, నడచుచునే యున్నది. ఆసుపత్రిలో దారి చూపుటకు ఆరోగ్యమిత్రలును కలరు. కాని వారి దరిఁ జేరుటకు కార్డు కావలెను. కార్డునకు ఆధారు కావలెను. గుడిసెలో పుట్టి కాలువగట్టున పెరిగినవానికి జనన పత్ర మెక్కడిది? రోగము ఈ కాగితములకై కాచుకొని యుండునా?

కీర్తిశేషులు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులకై జీవితమెల్ల పాటుపడిరి. మేము కోరునది అంతటి త్యాగము కాదు. 2019లో గ్రామ సచివాలయము లేర్పడినవి. గుంటల యజమానులు తమ కావలివానిని, జబ్బు పడకముందే, అచ్చటికి తోడ్కొనిపోయి, దరఖాస్తు వ్రాయించి, కార్డు చేతికి వచ్చువఱకు వెంటనుందురుగాక. ఆ పూట కూలి తగ్గింపరాదని వేఱుగఁ జెప్పవలయునా?